బొక్కల పరీక్షకు నా ఎదురు

ఆ రోజుల్లో మా ఇంట్లో గడప దాటడమంటే చెప్పులేసుకుని పోవడం కాదు. ఎవరైనా పని మీద బయటికి అడుగు పెట్టాలంటే ముందు వాకిట్లో ఎవరున్నారు, ఎవరు ఎదురొస్తున్నారు, పిల్లి ఎటు నుంచి ఎటు పోయింది, పక్కింట్లో ఎవరైనా తుమ్మారా అని పెద్ద విచారణ జరిగేది. ఆ రోజుల్లో అన్నానని నన్ను మరీ ముసలిదాన్ని చేయకండి. చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చిన తర్వాతి సంగతే ఇది. ఫోన్లు వచ్చాయి కానీ పిల్లులూ తుమ్ములూ ఎక్కడికీ పోలేదు, అంతే. మాది చెన్నూరు దగ్గర, గోదావరికి కాస్త ఇవతల ఒక ఊరు. పత్తి చేలు, రెండు బర్రెలు, ఒక డాబా ఇల్లు. ఆ ఇంట్లో బాపు సంపాదించేవాడు, అవ్వ (మేము అమ్మను అలాగే పిలిచేవాళ్ళం) వండేది, రాజ్యం మాత్రం నాయినమ్మది.

ఆ రాజ్యంలో నాకొక ఉద్యోగం ఉండేది. నేను 'మంచెదురు' పిల్లను. అంటే నేను ఎదురొస్తే పోయిన పని అయి తీరుతుందని. ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఒకసారి బాపు పత్తి బండి కట్టించుకుని మార్కెట్టుకు బయలుదేరుతుంటే నేను బోరింగు దగ్గరి నుంచి నీళ్ళ బిందెతో వస్తూ ఎదురుపడ్డాను. ఆ రోజు పత్తికి మంచి ధర పలికింది. (ఊళ్ళో అందరి పత్తికీ అదే ధర పలికింది. వాళ్ళకు నేను ఎదురు రాలేదు కదా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) తర్వాత తప్పిపోయిన బర్రె దొరికింది, ఎదురింటి అన్నకు దుబాయి వీసా వచ్చింది, ఇంకొకళ్ళకు పిల్ల కుదిరింది. అన్నిటికీ నా బిందే కారణం. చివరికి ఎంత దాకా వచ్చిందంటే, తెల్లారీ తెల్లారకముందే ఎవరో ఒకరు తలుపు కొట్టి, "పెద్దమ్మా, జర పోరిని మూల మీదికి తోలియ్యి. మావోడు పిల్లను చూసెటందుకు పోతాండు" అనేవాళ్ళు. నేను కళ్ళు నలుపుకుంటూ లేచి, మొహం కడిగి, బొట్టు పెట్టుకుని, నిండు బిందె చంకనెత్తుకుని వీధి మలుపులో నిలబడేదాన్ని. వాళ్ళ బండి చప్పుడు వినపడగానే ఏమీ తెలియనట్టు నడిచి వచ్చేదాన్ని. "అరె, మంచెదురే అచ్చిందిరా!" అని వాళ్ళూ ఏమీ తెలియనట్టే సంబరపడేవాళ్ళు. ఇంతా చేసి నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. ఎవరైనా ఎగతాళి చేస్తే నాయినమ్మే అడ్డం వచ్చేది. "దానికది ఎదురెట్ల అస్తదిరా? నీ ఈపు నువ్వు చూసుకుంటవా?" అనేది. నాకూ అదే నిజమనిపించేది. నేను పుస్తకం తెరవలేదన్న చిన్న కారణం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నాకు సరిగ్గా ఉల్టా మనిషి కూడా మా ఇంట్లోనే ఉండేది. మా మేనత్త, బాపుకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామ పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లోంచి ఎవరైనా మంచి పనికి బయలుదేరుతున్నారంటే ఆమె వెనక బర్రెల కొట్టంలోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ అనాల్సిన అవసరం కూడా లేదు, నాయినమ్మ ఒకసారి దగ్గితే చాలు. (నాయినమ్మకూ తాత లేడు. ఆ మాటే ఒకసారి అడిగితే "ముసలోళ్ళకు లెక్కుండదే" అంది. లెక్కలు పెట్టేవాళ్ళకు ఆ సౌకర్యం ఉంటుంది.) తన కడుపున పుట్టిన బిడ్డను నాయినమ్మే అలా దాచిపెట్టడం నాకప్పుడు వింతగా తోచలేదు. వాకిలి ఊడ్చినట్టు, పాలు పితికినట్టు అదీ ఇంట్లో రోజూ జరిగే ఒక పని, అంతే. కానీ నాకూ మా అక్కకూ తల దువ్వింది అత్త, జ్వరాలొస్తే పక్కన కూర్చున్నది అత్త. అక్క దేశం పోయేటప్పుడు అద్దం పగిలిన తన పాత ఫోను అత్త చేతిలోనే పెట్టి పోయింది. అత్త దాంట్లో భజనలు వింటుందని మేమంతా అనుకునేవాళ్ళం.

అక్క పోయింది కిర్గిజ్‌స్తాన్‌కు, డాక్టరు చదువుకు. మా ఊరి నుంచి దేశం పోయిన వాళ్ళంటే దుబాయో మస్కటో, ఎండలో పని చేసి నల్లగా తిరిగొచ్చే వాళ్ళే. మా అక్కేమో మంచులోకి పోయింది. ఫోన్లో చూస్తే మా అక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. టోపీ, దాని మీద ఇంకో టోపీ, మోకాళ్ళ దాకా కోటు, మెడ చుట్టూ అవ్వ ఇచ్చిన శాలువా, వీటన్నిటి మధ్య ముక్కు ఒక్కటి ఎర్రగా. "గొంగడి కప్పుకున్న గొర్ల కాపరి తీర్గ ఉన్నదిరా నా మనుమరాలు" అని నాయినమ్మ మురిసిపోయేది. పొద్దున లేచి హాస్టల్లో కరెంటు పొయ్యి మీద అన్నం, పప్పు వండుకుని డబ్బాలో పెట్టుకునేదట. దారి పొడుగునా నీళ్ళు గడ్డకట్టి ఉంటే గోడ పట్టుకుని బస్సు దాకా నడిచేదట. సాయంత్రం వచ్చేసరికి కిటికీ బయట పెట్టిన పెరుగు రాయిలా అయ్యేదట. అక్కడ ఒక పంతులమ్మ చచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని పాఠం చెబుతుందంటే అవ్వ అన్నం ముందు నుంచి లేచిపోయింది. అన్నిటికంటే మాకు బాగా అర్థమైంది మాత్రం వాళ్ళ పరీక్ష. బల్ల మీద చీటీలు బోర్లా పరిచి ఉంటాయట. ఒకటి తీయాలి. దాంట్లో ఏ ప్రశ్న ఉంటే అది పంతులు ఎదుట నోటితో చెప్పాలి. ఈ మాట వినగానే నాయినమ్మ కళ్ళు మెరిశాయి. "అంటే చీటీ మంచిగ రావాలె, గంతేనా? గట్లయితే మా పోరి ఎదురు లేకుంట గా పిల్ల గడప దాటద్దు!" అంది. అలా నా ఉద్యోగం దేశాలు దాటింది.

ఫోన్లో ఎదురు రావడం ఎలాగో మీకు తెలియదు కాబట్టి చెబుతాను. మా ఊళ్ళో ఫోను మంచిగా పలికేది డాబా మీదే అని బాపు నమ్మకం. పరీక్ష రోజు పొద్దున బాపు డాబాకు ఒక కొసన ఫోను పట్టుకుని నిలబడతాడు. నేను ఇంకో కొసన నిండు బిందెతో తయారుగా ఉంటాను. అక్కడ అక్క హాస్టల్ గది తలుపు తీసి, ఫోను ముందుకు చాపి పట్టుకుంటుంది. బాపు "ఆఁ" అనగానే నేను నడిచొస్తాను. నా మొహం ఫోను నిండా అయ్యేసరికి అక్క గడప దాటాలి. మొదటి పరీక్ష ఇలాగే పాసయింది. ఊరంతా నా పేరు మార్మోగింది. రెండోది బొక్కల పరీక్ష, అంటే ఎముకలది. మనిషి ఒంట్లో ఉన్న బొక్కలన్నిటికీ వేరే వేరే పేర్లుంటాయట, వాటి మీద గీతలకూ గుంతలకూ కూడా పేర్లట. ఆ పరీక్షలో అక్క తప్పింది. ఇంట్లో విచారణ జరిగింది. నాయినమ్మ ముద్దాయిగా నిలబెట్టింది నన్ను. "బిందె అంచుదాక ఉన్నదా ఆ నాడు?" అని అడిగింది. కాస్త వెలితి ఉండిందేమో అన్నాను. "అగో! ఎల్తి బిందె ఎదురస్తే ఎల్తి పరీక్షే అయితది" అని తీర్పు చెప్పింది. మళ్ళీ ఆ పరీక్షకు పోవడానికి అక్కకు ఇంకొక్క అవకాశమే ఉంది. బాపు అవ్వను పక్కకు పిలిచి, "గీసారి తప్పితే మాత్రం తీస్కచ్చుడే. గా చలిల ఒక్కతి ఏడ్సుకుంట ఉండుడెందుకు, ఇంటికాడనే ఉంటది" అన్నాడు. ఆ మాట అక్కకూ చేరింది. బాపు కోపంతో అన్నది కాదు, అదే భయం. కోపమైతే దిగుతుంది. డాక్టరు కావాలని చిన్నప్పుడు కోడిపిల్ల కాలుకు పుల్ల కట్టిన మా అక్క చదువు ఇప్పుడు నా బిందె అంచు మీద నిలబడి ఉందని నాకు నిద్ర పట్టలేదు.

ఆ పరీక్ష మళ్ళీ పెట్టిన రోజు పొద్దున బాగా మంచు కురిసింది (మన మంచు, వాళ్ళది కాదు). వాళ్ళ గడియారం మనకంటే అరగంట ముందు నడుస్తుందని అక్క చెప్పింది. ముందు అంటే మనం తొందరగా చేయాలా, ఆగి చేయాలా అని బాపూ నాయినమ్మా కాసేపు వాదించుకున్నారు. చివరికి ఎందుకైనా మంచిదని చాలా ముందే డాబా ఎక్కాం. నాయినమ్మ మెట్ల కింద కాపలా కూర్చుంది, పిల్లీ గిల్లీ రాకుండా. ఒకసారి దగ్గింది. అత్త కుడితి బకెట్టు అందుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది. అవ్వ బిందెను అంచు దాకా నింపి, చాలదన్నట్టు ఇంకో చెంబెడు పోసింది. ఇక అది నిండు బిందె కాదు, పొర్లే బిందె. దాన్ని చంకనెత్తుకోగానే సగం లంగా తడిసి, పళ్ళు టకటక కొట్టుకోసాగాయి.

ఫోను కలిసింది. అక్క మొహం పాలిపోయి ఉంది. "చెల్లె, తలకాయ బొక్కలు తప్ప అన్ని చదివిన. గా చీటీ రాకుంటే చాలే" అంది. "నేనున్న గద అక్కా" అన్నాను, ఆ చీటీలన్నీ నేనే పరిచినట్టు. బాపు "ఆఁ, నడువు" అన్నాడు. నడిచాను. దగ్గరికి వచ్చేసరికి "ఆగాగు, గుండ్రంగ తిరుగుతాంది. మల్ల పో" అన్నాడు. మళ్ళీ పోయి మళ్ళీ వచ్చాను. ఈసారి బాపు ఏదో నొక్కితే ఫోన్లో నా బదులు బాపు గడ్డం కనపడింది. "అరె, నా గడ్డమే కనవడ్తాంది" అన్నాడు. "బాపు ఎదురస్తే ఎట్ల నాయినా!" అని కింది నుంచి నాయినమ్మ అరిచింది. సరిచేసుకుని మళ్ళీ నడిపించాడు. ఇంతలో వీధిలో పోయే ఎదురింటి పెద్దమ్మ ఆగి, "ఏందిరా, పోరిని పొద్దుగాల్నే గానుగెద్దు తీర్గ తిప్పుతానవ్? ట్యాంకిల నీళ్ళు పోత్తానరా?" అంది. "పలకరియ్యకమ్మా, పరీక్ష నడుస్తాంది" అన్నాడు బాపు. ఆమె డాబా వంక, బిందె వంక చూసి, "ఎవలకు, బిందెకా?" అనుకుంటూ పోయింది.

ఇంకోసారికి ఫోను కుదిరింది. గుండ్రంగా తిరగడం లేదు, అక్క మొహం తేటగా ఉంది, కళ్ళు పెద్దవి చేసి, నోరు కొంచెం తెరిచి మా వంకే చూస్తోంది. "చూసినవా, రెప్ప గూడ కొడ్తలేదు. ఎంత నిష్ఠగ చూస్తాందో నా బిడ్డ" అని బాపు గొంతు తగ్గించి అన్నాడు. నేనూ నిష్ఠగా నడిచాను. తర్వాత నా పెళ్ళిలో కూడా నేనంత నెమ్మదిగా నడవలేదు. దగ్గరికి వచ్చి, నవ్వు మొహం పెట్టి, ఫోనుకు ఆనేంతగా నిలబడ్డాను. అక్క కదలలేదు. "దాటు బిడ్డా, గడప దాటు" అన్నాడు బాపు. అక్క నోరు అలాగే తెరిచి ఉంది. "ఇంకోసారి కావాలెనేమో, మల్ల రా" అన్నాడు. వెనక్కి తిరిగాను. ఒలికిన నీళ్ళతో డాబా అంతా జారుడుగా ఉంది. కాలు సర్రుమంది. నేను కూర్చున్నాను, బిందె కూర్చోలేదు. డాబా మీద ఒక దొర్లు దొర్లి, మెట్ల వైపు తిరిగి, ఒక్కో మెట్టుకూ ఒక్కో చప్పుడు చేస్తూ దిగి, నీళ్ళన్నీ నాయినమ్మ నెత్తిన పోసి, ఖాళీగా వాకిట్లో పోయి ఆగింది.  ఫోను దానంతటదే ఆరిపోయింది.

నిండు బిందె మంచిదైతే ఖాళీ బిందె ఏమిటో మా ఊళ్ళో చంటి పిల్లను అడిగినా చెబుతుంది. బాపు డాబా గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయినమ్మ నీళ్ళు కారుతున్న జుట్టుతో నన్ను చూసి తిట్టను కూడా తిట్టలేదు, తిడితే బాగుండేది. మళ్ళీ మళ్ళీ చేసినా అక్క ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను కొట్టంలోకి పోయి గడ్డి మోపు మీద పడి ఏడ్చాను. అత్త బర్రె వీపు రుద్దుతోంది. "ఎందుకేడుస్తానవే?" అంది. "అక్క చదువును నేనే చెడగొట్టిన అత్తా. ఇగ బాపు తీస్కస్తడు" అన్నాను. "ఏం గాదు. అది మంచిగ చదివింది, పోయి చెప్తది, అస్తది" అంది, బర్రె దగ్గరి నుంచి తల ఎత్తకుండానే. "నీకెట్ల తెలుసు?" అని విసురుగా అన్నాను.  అత్త నా తడి లంగా చూసి, తన ఆరిన చీర ఒకటి తెచ్చి నా మీద పడేసింది.

పొద్దు నడినెత్తి మీదికి వచ్చాక ఫోను మోగింది. బాపు ఎత్తడానికి భయపడ్డాడు. నాయినమ్మే నొక్కమంది. అక్క నవ్వుతూ ఉంది, రెండు టోపీలూ తీసేసి ఉంది. "బాపూ, పాసయిన! చేతి బొక్కల చీటీ అచ్చింది!" అని అరిచింది. అవ్వ ఏడుపు, బాపు ఏడుపు, అన్నీ అయ్యాక నాయినమ్మ గొంతు సవరించుకుని, "అది సరే గని బిడ్డా, గా బిందె పడ్డది గద, నువ్వు చూసినవా?" అంది. "ఏం బిందె?" అంది అక్క. "పొద్దుగాల, చెల్లె ఎదురచ్చినప్పుడు." "చెల్లె నడిచచ్చుడు నాకు కనవడనే లేదు నాయినమ్మా. బాపు బొటనేలు కనవడ్డది, అటెన్క ఫోనే ఆగిపోయింది." అంటే అంత నిష్ఠగా రెప్ప కొట్టకుండా మమ్మల్ని చూసింది అక్క కాదు, ఆగిపోయిన బొమ్మ. ఆ బొమ్మకు నేను ఎదురు మీద ఎదురు వచ్చానన్నమాట.

"మరి నీకు ఎదురెవలచ్చిండ్రే?" అంది నాయినమ్మ. "ఇంకెవలు? అత్త. మీ ఫోను ఆగిపోంగనే అత్త చేసింది. 'ఇగ నిలవడకు, బస్సు పోతది, పొయ్యిరా బిడ్డ' అన్నది. అత్తను చూసుకుంటనే గడప దాటిన."  అక్క ఆగలేదు, ఎన్నాళ్ళ నుంచో చెబుదామని దాచుకున్నట్టు చెప్పింది. "రోజూ అత్తే లేపుతది నన్ను. గీ చలిల గంట కొడితే నేనెన్నడన్న లేస్తనా? కొట్టంల నిలవడి ఫోన్ జేస్తది. గక్కడ మీ డాబ కంటె మంచిగ పలుకుతది. మొదటి పరీక్షకు గూడ అత్తనే చూసి ఎల్లిన, మీ ఫోను ఎత్తింది అటెన్క వరండల నిలవడి." నాయినమ్మ తేలిగ్గా ఒదిలే మనిషి కాదు. "మరి తప్పిన పరీక్షకు?" అని అడిగింది, అక్కడ దొరికిపోతుందన్నట్టు. అక్క నాలుక కరుచుకుంది. "ఆ నాడు అత్తకు జరమొచ్చి ఫోన్ చెయ్యలే. నాకు మెలుకువ రాలే. మీరు చేసినంకనే లేసిన. చెల్లె ఎదురే చూసుకుంట ఉరికిన" అంది.

(ఇక్కడ మీరు నవ్వుకోవచ్చు, నేనేం అనుకోను. నా ఎదురు నిజంగా అందిన పరీక్ష అదొక్కటే.)

 నాయినమ్మ జుట్టు ముడి వేసుకుంటూ, "ఫోన్ల అద్దం ఉంటది గద. అద్దంల అంత ఉల్టనే కనవడ్తది. గందుకే అత్తది మంచిగైంది" అని తీర్పు చెప్పింది. "అంటే నాది చెడ్డగైందా నాయినమ్మా?" అన్నాను నేను, కళ్ళ నీళ్ళతోనే. బాపు ఫక్కున నవ్వాడు. నాయినమ్మ అతన్ని కసిరి, కొట్టం వైపు తిరిగి కేకేసింది. "ఏమే, ఇంటానవా? ఇటు రా, పిల్ల పిలుస్తాంది" అంది. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప అవతలే నిలబడింది. "గక్కడ నిలవడి ఏం మాట్లాడతవ్, లోపటికి రా" అని నాయినమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. అత్త కూర్చుంది. ఫోన్లో అక్క "తిన్నవా అత్తా?" అంది. పొద్దుట్నుంచి ఆ ఇంట్లో ఎవరూ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. "నువ్వు తిన్నవా?" అంది అత్త. ఇంకేమీ మాట్లాడుకోలేదు వాళ్ళు, ఒకరినొకరు చూసుకుంటూ ఊరికే ఉన్నారు, రోజూ మాట్లాడుకునే వాళ్ళు కదా.

మరునాడు బాపు పత్తి తోలుకుని మార్కెట్టుకు పోవాల్సి ఉంది. అత్త అలవాటు కొద్దీ బకెట్టు అందుకుని వెనక్కి పోబోయిందట. బాపు బండి దగ్గర ఆగి, "చెల్లే, అటెటు వోతానవ్? గీ తాడు జర పట్టు" అన్నాడట. ఆమె తాడు పట్టి, ముడి బిగించి, బండి కదిలేదాకా ఎదురుగానే నిలబడిందట. నాయినమ్మ దగ్గలేదట. ఆ రోజు పత్తికి ధర మామూలే పలికింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

'అట' అని ఎందుకంటున్నానంటే అదేదీ నేను చూడలేదు. ఆ పొద్దున నన్ను ఎవరూ లేపలేదు. కిటికీ లోంచి ఎండ వచ్చి మొహం మీద పడ్డాక మెలకువ వచ్చింది. బండి వెళ్ళిపోయిందని తెలిసి, ఇక నాతో ఎవరికీ పని లేదని దుప్పటి ముసుగేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క ఇప్పుడు కరీంనగర్‌లో పిల్లల డాక్టరు. నాకూ ఇద్దరు పిల్లలు, పొద్దున్నే లేవక తప్పని సంసారం. వీధిలో ఎవరికి ఎదురుపడ్డా వాళ్ళు పక్కకు తప్పుకుని పోతారు, నేనూ పోతాను. కానీ ఒక్కోరోజు చీకటితో లేచి పాలు పొయ్యి మీద పెట్టేటప్పుడు దుప్పటి ముసుగులో ఏడ్చిన ఆ పదిహేడేళ్ళ పిల్ల, అప్పటి నేను, గుర్తొస్తుంది. దాని పక్కన కూర్చుని, "పిచ్చిదానా, ఉద్యోగం పోలేదే, సెలవొచ్చింది, ఇంకాసేపు పడుకో" అని ఆ దుప్పటి మెడ దాకా కప్పి రావాలనిపిస్తుంది.